హెర్నియా బెల్టుతో పోదు

నాన్నకి బొడ్డు దగ్గర ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే మళ్లీ పైకొచ్చేది. సర్జన్ గారు నిలబెట్టి దగ్గమన్నారు, ఉబ్బు మీద వేళ్లు ఆనించి చూశారు. అక్కడే తేలిపోయింది, హెర్నియా అని, అంటే పొట్ట కండరాల గోడకి కంత పడి లోపలిది పైకి ఉబ్బడం. స్కాన్ రాసింది కంత ఎంతుందో చూడ్డానికే.

పొట్ట కండరాల గోడకి పడ్డ కంత మందులకో బెల్టుకో పూడదు. ఆపరేషన్ చేసి, కంత మూసి, మెష్ (గోడకి బలంగా ఉండే వల లాంటి ముక్క) వేశారు. మెష్ వేస్తే తిరగబెట్టే అవకాశం తగ్గుతుందన్నారు. నాన్న కంటే నేనే ఎక్కువ భయపడ్డాను, నిజం.

ఇంట్లో ఎవరికైనా హెర్నియా ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, తీవ్రమైన నొప్పి, వాంతులు మొదలైనా పేగు ఇరుక్కుని రక్తం అందడం ఆగిపోతూ ఉండొచ్చు. నొక్కి లోపలికి తోయాలని చూడకండి, తెల్లారనిద్దాం అనుకోకండి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.