ఉద్యోగ ధర్మమట!

పడుకుందామంటే బావగారి మాటే చెవిలో గింగురుమంటోంది. "ఆయన ఉద్యోగం ఆయన చేశాడు, తప్పేముంది?" అనేసి తాపీగా ఇంకో గరిటె పప్పు వడ్డించుకున్నారు.

ఆయన అంటే యాకోబ్ లెంట్జ్, నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్ల అధికారి. అందరికీ గుర్తింపు కార్డులిద్దామని ఆయన ప్రతిపాదిస్తే, పౌరులను నేరస్థుల్లా చూడటం మన పద్ధతి కాదని 1940 మార్చిలో డచ్చి ప్రభుత్వం తోసిపుచ్చింది. మే నెలలో జర్మన్లు దిగారు. వాళ్లకు అది మహా నచ్చింది. ఫొటో, వేలిముద్ర, ప్రత్యేకమైన కాగితం... జర్మనీ కార్డుకన్నా దీనికి నకిలీ తయారు చేయడమే కష్టం. యూదుల కార్డు మీద 'జె' ముద్ర. ఆ దేశపు యూదుల్లో నాలుగింట మూడు వంతుల మందిని చంపేశారు. ఉద్యోగమట!

అలా తిట్టుకుంటుంటే నాన్న గుర్తొచ్చారు. జనన మరణాల రిజిస్టరులో ఎర్ర సిరాతో గీతలు గీస్తుంటే స్కేలు కదలకుండా నేను పట్టుకోవాలి. కొట్టివేత కనబడితే ఆ రోజు అన్నం సహించేది కాదు. బడిలో చేర్చడానికి పిల్లవాడి పుట్టినరోజు కాస్త జరపమని ఒకాయన వరండాలో కూర్చుని ఏడ్చినా నాన్న కలం కదపలేదు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాకు మాత్రం అప్పుడు ఎంత గర్వమో! లెంట్జ్‌కూ బహుశా ఆ పిచ్చే, పని మీద మోజు. అలా అనుకుంటే ఆయన మీద కోపం కాస్త తగ్గింది. తగ్గినందుకు మళ్లీ చిరాకు. నాన్న రిజిస్టరు పట్టుకుని ఎవరూ ఇళ్ల మీద పడలేదు కదా.

అక్కడ జర్మన్లను ఎదిరించినవాళ్లూ ఉన్నారు. 1943 మార్చి 27 రాత్రి వాళ్లలో కొందరు పోలీసు దుస్తుల్లో ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్టరు ఆఫీసులో చొరబడ్డారు. ముందు నడిచినవాళ్లలో శిల్పి ఖెరిట్ వాన్ డెర్ వేన్, చిత్రకారుడు విల్లెమ్ అరొండేయస్ ఉన్నారు. కాపలావాళ్లను చంపలేదు. మత్తు సూదులిచ్చి పక్కనున్న జంతుప్రదర్శనశాల తోటలో పడుకోబెట్టి, ఆఫీసులోని రిజిస్టరు కార్డులకు నిప్పంటించారు. అగ్నిమాపక దళంవాళ్లు నింపాదిగా వచ్చారు. కాలని కార్డులు కూడా పాడయ్యేలా నీళ్లు కుమ్మరించారు. అయినా పోయినవి కొన్నే. ఈ దాడికిగాను ఆ ఏడాది జులై 1న జర్మన్లు 12 మందిని కాల్చి చంపారు.

మంటల మీద నీళ్లు పోయడమూ ఉద్యోగమే కదా బావగారూ! ఈ మాట భోజనాల దగ్గర తట్టి ఉంటే ఎంత బాగుండేది. రేపు పొద్దున కాఫీ చేతికిచ్చే ముందే అడుగుతాను.