అలీ గ్లౌజు కొనేముందు

బాక్సర్ మహమ్మద్ అలీ సంతకం ఉన్న గ్లౌజు దొరికితే ముందు అది ఏ కాలానిదో తేల్చాలి. కాసియస్ క్లే అన్న ఆయన పేరు మారింది 1964లో. షార్పీ మార్కర్ వచ్చిందీ ఆ ఏడే. కాబట్టి షార్పీతో పెట్టిన కాసియస్ క్లే సంతకాన్ని 1960 నాటిదంటే నమ్మొద్దు. తర్వాతి ఏళ్లలోనూ ఆయన పాత పేరుతో సంతకాలు చేశాడు. 1960ల మొదట్లో పెట్టిన క్లే సంతకాల కంటే వాటి ధర తక్కువ.

ఆయనకు పార్కిన్సన్స్ (చేతులు వణికే జబ్బు) ఉన్నట్టు 1984లో బయటపడింది. ఆ తర్వాత అక్షరాలు చిన్నవై, ఇరుకై, వణికాయి. 1990ల చివరి గ్లౌజు మీద గీత జోరుగా సాగితే నాకు అనుమానమే.

10 రెట్ల భూతద్దం పెట్టండి. చూసి గీసిన దొంగ సంతకంలో పెన్ను ఆగినచోటల్లా సిరా చుక్కలా ఊరుతుంది. వణికే చెయ్యి మాత్రం ఆగదు, ముందుకే కదులుతుంది.

సంతకం అసలుదో కాదో తేల్చే పీఎస్‌ఏ, జేఎస్‌ఏ సంస్థలు ఇచ్చిన నంబరు ఉంటే వాళ్ల సైట్లో సరిచూడండి. అక్కడ ఫొటో ఉంటే తోలు ముడతలు కూడా కలవాలి. ఎండకు వెలిసిన సిరాను ఎవరైనా మళ్లీ దిద్దితే, అసలుదైనా కొనకండి.