కోడిపిల్లల అరుపంటే ఆకలే అనుకున్న రోజులు

ఉద్యోగ విరమణ చేసిన ఏడాదిలోనే, పర్లాకిమిడిలోని మా ఇంటి పెరట్లో కోళ్లు పెంచుకోవాలన్న కోరికతో, పుష్యమాసపు చలిలో, ఒక్క రోజు వయసున్న ఇరవై వనరాజా పిల్లలను అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పెరటి పెంపకం కోసమే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం అది. ఈ పిల్లలు యంత్రంలో పొదగబడినవి కనుక వీటి వెంట తల్లి ఉండదు. తల్లి చేసే పని మొత్తం నా నెత్తిన పడుతుందని తెలుసుగాని, ఆ పనిలో సగం చెవితో చేయవలసి ఉంటుందని మాత్రం నాకు తెలియదు.

పెట్టె అడుగున రెండంగుళాల మందాన ఊక పరిచి, పైన కాగితం వేసి, నీళ్ల పళ్లెమూ నూకలూ పెట్టి, వెచ్చదనానికి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వేలాడదీశాను. చీకటి పడిన గంటకు పిల్లలు అరవడం మొదలుపెట్టాయి. మామూలు కిచకిచ కాదది. గట్టిగా పైస్థాయిలో మొదలై కిందికి జారే అరుపు, ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేనట్లుగా సాగింది. ఆకలి అనుకున్నాను. రాత్రి పదకొండింటికి నూకలు పోశాను, ఒంటిగంటకు మళ్లీ పోశాను, మూడింటికి చూస్తే పోసినవి పోసినట్టే ఉన్నాయి. గుడ్డులోని పచ్చసొనను పొదిగే చివరి రోజుల్లో పిల్ల తన కడుపులోకి తీసుకుంటుందనీ, దానితో పుట్టిన తరువాత రెండు రోజుల వరకు తిండి లేకపోయినా బతకగలదనీ తెలిసి ఉంటే, ఆ రాత్రి నూకల డబ్బా పక్కన పెట్టి వేరే కారణం వెతికేవాణ్ణి.

తెల్లవారి ఆ కారణం చెప్పినది మా పక్కింటి ఒడియా ముసలామె. ఆమెను వీధి వీధంతా మావుసీ అని పిలుస్తుంది. మాతో తెలుగే మాట్లాడుతుంది. గోడ మీదుగా విని, "బాబూ, అవి తిండికి ఏడవడం లేదు, తల్లి రెక్క కోసం ఏడుస్తున్నాయి, చెయ్యి పెట్టి చూడు" అంది. చెయ్యి పెడితే ఊక చల్లగా తగిలింది. ఎల్‌ఈడీ బల్బు వెలుగు ఇస్తుంది, కాపడానికి చాలినంత వేడి మాత్రం ఇవ్వదు. ఇంత చిన్న విషయం తట్టకపోవడానికి నిద్రలేమి ఒక సాకు కావచ్చుగాని, బల్బు కొనేటప్పుడు నేను మెలకువగానే ఉన్నాను. పాత తీగ బల్బుల కోసం బజారంతా తిరిగితే ఒక పాత కొట్టు అటక మీద అరవై వాట్లవి రెండు దొరికాయి. మొదటి వారం పిల్లల దగ్గర ముప్ఫై రెండు నుంచి ముప్ఫై అయిదు డిగ్రీల వేడి ఉండాలి. ఆ తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. నేను ఉష్ణమాపకం కొన్నానుగాని, నాలుగు రోజుల్లోనే దానికంటే పిల్లలే నమ్మదగినవని తేలింది. అవి బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. గోడలకు అంటుకుని, రెక్కలు వదిలేసి, నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి పక్కనుంచి గాలి కొడుతున్నట్టు. పెట్టె నిండా చెదిరి కూర్చుంటే సరిపోయినట్టు.

రెండో రోజు బల్బులు వెలిగించిన పది నిమిషాలకు అరుపు ఆగిందని చెబితే పూర్తి నిజం కాదు, అది మారింది. కిందికి జారే గట్టి స్వరం పోయి, కింది నుంచి పైకి లేచే పొట్టి పొట్టి మెత్తని స్వరాలు వినిపించసాగాయి. పిల్లలు బాగున్నప్పుడు నోరు మూసుకుని ఉండవు. తింటూ, గీరుకుంటూ, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటూ ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటాయి. నిద్రకు ముందు మాత్రం ఆ స్వరాలు కలిసిపోయి సన్నగా వణికే ధ్వనిగా మారి, ఆ తరువాత ఆగిపోతాయి.

ఆ ఆగిపోవడమే మమ్మల్ని హడలగొట్టింది. మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ పెరట్లోంచి, "ఏమండీ, పిల్లలు పోయాయండీ" అని కేకవేసింది. పరుగెత్తి చూస్తే ఏడెనిమిది పిల్లలు పక్కకు ఒరిగి, కాళ్లు చాచి, మెడలు ఊక మీద వాల్చి, ఎవరో విసిరేసినట్టు పడి ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకునేసరికి అది కళ్లు తెరిచి పెట్టె ఎగిరిపోయేలా అరిచింది. దాంతో మిగతావన్నీ లేచాయి. అది గాఢనిద్ర. తల్లి రెక్క కింద ఉన్న పిల్లలు కూడా కాసేపు తిని, కాసేపు దూరి పడుకుని, మళ్లీ బయటికి వచ్చి తింటాయి. రోజంతా ఆ వరుసే నడుస్తుంది. బతికి ఉన్నాయో లేవో చూడడానికి నేను గంటకోసారి పెట్టె తట్టిన రోజులన్నీ వాటి నిద్ర పాడుచేసిన రోజులే. ఊకలో పక్కకు దొర్లి రెక్కలు కొట్టుకోవడం చూసి మూర్ఛ అనుకున్నది మరోసారి. అది మట్టిస్నానానికి, అంటే కోళ్లు దుమ్ములో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, అభ్యాసం.

మావుసీ ఇంట్లో తొమ్మిది పిల్లలతో తిరిగే నాటుకోడి ఒకటి ఉండేది. రోజూ సాయంత్రం దాన్ని చూడడం నాకు పాఠమైంది. తిండి కనబడితే అది ముక్కుతో నేల పొడుస్తూ టుక్ టుక్ అనేది, పిల్లలు పరుగెత్తేవి. ఆకాశంలో గద్ద నీడ కదిలితే ఒక్కటే సన్నని పొడుగు కూత. పిల్లలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి. పిల్లి వస్తే కూత వేరు, కటకటమని ఆగకుండా సాగేది. ఒకనాడు పిల్ల ఒకటి కాలువలో పడి గోడ వెనకనుంచి అరిస్తే, ఆ కోడి పిల్లను చూడకుండానే స్వరాన్ని పట్టుకుని గోడ చుట్టూ తిరిగింది. గాజు మూత కింద కళ్లెదుట గింజుకుంటున్న పిల్లను, దాని అరుపు బయటికి వినబడనప్పుడు, తల్లికోడి పట్టించుకోదని 1930లలోనే జర్మన్ జీవశాస్త్రజ్ఞులు రాశారు. పిల్లకూ తల్లికీ మధ్య ఉన్నది ఈ అరుపేనని ఆనాడు నాకు బాగా అర్థమైంది.

రెండో వారంలో నేను చేసిన తప్పుకు ఒక పిల్ల బలైంది. పుట్టినప్పటినుంచి బల్బు వెలుగులోనే ఉన్న పిల్లలకు చీకటి తెలియదు. ఒక రాత్రి కరెంటు పోగానే బెదిరి, అన్నీ ఒకే మూలకు తోసుకుని, అడుగున ఉన్నది ఊపిరాడక చనిపోయింది. మరుసటి రోజే పెట్టె మూలలకు అట్టముక్కలు వంచి గుండ్రం చేశాను. వెచ్చటి మధ్యాహ్నాలలో కాసేపు బల్బు ఆర్పి, అది లేకుండా ఉండడం అలవాటు చేశాను.

మూడో వారంలో అవి ఇటుక మీదికి, తరువాత నేను కట్టిన వెదురు బద్ద మీదికి ఎక్కడం మొదలైంది. పొద్దు వాలగానే చోటు కోసం పావుగంట తోపులాట, చిరచిర. ఆ రభస ఆపాలని ప్రయత్నించి, అది ఆపవలసినది కాదని గ్రహించాను. అందరికీ చోటు దొరికాక దానంతటదే సద్దుమణిగేది. చివరన కూర్చున్నవి ఒక కన్ను మూసి, బయటివైపు కన్ను తెరిచి ఉంచేవి. కోడి మెదడులో సగం మేలుకుని సగం నిద్రపోగలదు.

నాలుగో వారంలో ఒక పిల్ల అరవడమే మానేసింది. నెమ్మదైన పిల్ల అని మురిసిపోయాను. నిద్రపోయే పిల్ల తోటివాటిని ఆనుకుని మెత్తగా వాలుతుంది. ఇది ఒంటరిగా నిలబడి, వీపు గూనుగా వంచి, ఈకలు ఉబ్బించి, తిండివేళ కూడా కళ్లు మూసుకుంది. కింద చూస్తే రెట్టలో నెత్తురు. పశువైద్యుడు రక్తపారుడు రోగమని చెప్పి, నీళ్లలో కలపడానికి ఆంప్రోలియం అనే మందు ఇచ్చి, పళ్లెం చుట్టూ తడిసిన ఊకను నాచేతే ఎత్తిపోయించాడు. అది బతికింది. అప్పటినుంచి రాత్రి అన్నీ సర్దుకున్నాక, దీపం ఆర్పి గూటి దగ్గర పది నిమిషాలు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. పగటి రభసలో వినబడని తుమ్ము, గొంతులో గురగుర ఆ నిశ్శబ్దంలోనే బయటపడతాయి.

ఇప్పుడు పందొమ్మిది ఉన్నాయి. నిన్న సాయంత్రం ఒక పుంజుపిల్ల గొంతు సవరించుకుంటూ కూయబోయి, సగంలో కీచుమని ఆగిపోయింది. గోడ అవతల మావుసీ నవ్వడం వినిపించింది.