చిట్టికి తెలుగే వచ్చు

డాలస్‌లో మేం తెలుగులో అడుగుతాం, మా అమ్మాయి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. 12 ఏళ్ళుగా ఇదే వరస. అక్కడ మా కుక్కతో ర్యాలీ నేర్చుకుంటోంది. అంటే కార్ల ర్యాలీ కాదు, పార్టీలదీ కాదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2005 నుంచి టైటిళ్ళు ఇస్తున్న పోటీ. జాతి కుక్కే కావాలని లేదు. మొదటి స్థాయిలో నంబర్లు వేసిన బోర్డులు 10 నుంచి 15 ఉంటాయి. 'ఆగు, కూర్చోబెట్టు', 'కుడికి చుట్టూ తిరుగు' అని వాటిమీద ఉన్నట్టల్లా చేస్తూ, కుక్కను ఎడమ పక్కనే నడిపించుకుపోవాలి. 100కి 70 వస్తే గట్టెక్కినట్టే. ఒబీడియన్స్ అనే, కుక్క చెప్పినమాట వినే పోటీలోనైతే చేయిస్తున్నంతసేపూ ఆజ్ఞ తప్ప నోరు మెదపకూడదు. ఇందులో దారిపొడుగునా బుజ్జగించుకోవచ్చు. మొదలుపెట్టేవాళ్ళకు ఇదే నయం అనిపిస్తుంది నాకు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గుంటూరులో దిగాం. మా పుట్టిల్లు బ్రాడీపేట. నాన్న చేరదీసి, టీకాలు వేయించిన వీధికుక్క చిట్టి గుమ్మంలోనే ఉంది. మా పిల్ల "సిట్" అంది. చిట్టి తోక ఊపింది. మళ్ళీ అంది. మళ్ళీ తోకే.

"దానికి తెలుగే వచ్చమ్మా" అన్నారు నాన్న.

మర్నాడు తెల్లారి ఐదున్నరకే చిట్టికి పాఠం మొదలైంది. పొద్దెక్కితే సిమెంటు రోడ్డు కుక్క పాదాలను కాల్చేస్తుంది. మన అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాన్నీ నడిపించకూడదు. మా పిల్ల అట్టముక్కల మీద నంబర్లు రాసి సందులో పెట్టింది. మా పేటలో అడ్రసే 4/14 అన్నట్టుంటుంది, ముందు లైను నంబరు, తర్వాత అడ్డరోడ్డు. "ఊరే ర్యాలీ కోర్సులా ఉంది" అని తెగ నవ్వింది.

ఉడికించిన క్యారెట్‌ను బఠాణీ గింజంత ముక్కలు చేసి పెడుతుంటే అమ్మ చూసింది.

"ఎడమ చేత్తో పెడతారటే తల్లీ, తప్పు కదూ!"

"కుడి చేత్తో పెడితే నాకు అడ్డం వస్తుంది అమ్మమ్మా. ఎడమ పక్కన ఉండాలి కదా."

పూర్తి తెలుగులో, అంత పొడుగు జవాబు! నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఈ రోజుకీ ఒప్పుకోలేదు.

నాన్నకూ అక్షింతలు పడ్డాయి. ఆయన "కూర్చో, కూర్చో, కూర్చో" అంటుంటే, "ఒక్కసారే చెప్పాలి తాతయ్యా, లేకపోతే మూడోసారికే కూర్చుంటుంది" అంది. హోంవర్కుకి నేను ఎన్నిసార్లు పిలుస్తానో గుర్తొచ్చి మాట్లాడకుండా లోపలికెళ్ళాను.

వారం తిరిగేసరికి చిట్టి ఐదు బోర్డులు దాటింది. రా, ఆగు, కూర్చో, పద, చేయగానే "శభాష్". మా పిల్ల నోట తెలుగు బాగానే పలుకుతోంది, కాకపోతే అన్నీ ఆజ్ఞలే.

ఆ ఆదివారం పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చారు. మా అమ్మాయి ఎదురెళ్ళి కుర్చీ చూపించింది.

"రా. కూర్చో."

ఆయన ఒక్క క్షణం ఆగి, బుద్ధిగా కూర్చున్నారు.

"శభాష్!" అంది.