విల్లో ఆకుకి టెస్ట్ చేయించడానికి నేను పడ్డ పాట్లు

రిపోర్టు ఈరోజే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేకల మేతకి విల్లో చెట్టు పెంచడం అసలు పనే కాదు. ఆకు రాలిన కాలంలో జానెడు పైన కొమ్మ ముక్కలు కోసి తడి నేలలో గుచ్చితే వాటంతటవే వేళ్లు పోసుకుంటాయి. చెట్టు కాస్త ఎదిగాక మేకల నోటికి అందని ఎత్తులో తల నరికితే మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. కొమ్మలు వేశామంటే మా మేకలు ఆకుతో ఆగవు, బెరడు కూడా ఒలిచేసి తెల్లటి పుల్ల మిగులుస్తాయి.

తంటా అంతా పాత మురుగు కాలువ గట్టున పెంచిన వరసతో వచ్చింది. నేలలో కాడ్మియం, జింక్ లాంటి లోహాలుంటే విల్లో లాక్కుని ఆకుల్లో చేర్చుకుంటుంది. కలుషితమైన నేలల్ని బాగుచేయడానికి దీన్ని నాటేది కూడా అందుకే. అలాంటి ఆకుని టెస్ట్ లేకుండా పశువుకెలా వేస్తాం?

ల్యాబ్ కౌంటర్‌లో ఉన్నాయన కవర్ విప్పి చూసి, "మేత తెమ్మంటే చెత్త తెచ్చారేంటండీ" అన్నాడు. వెనక లైనంతా ఒకటే నవ్వు. ఫారంలో పచ్చగడ్డి, ఎండుగడ్డి, సైలేజ్ (పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత), దాణా అని గళ్లున్నాయి, చెట్టు ఆకుకి లేదు. మొక్కల విభాగానికి పొమ్మన్నాడు, వాళ్లేమో పశువులు తినేదైతే మేత విభాగమే చూడాలని వెనక్కి పంపారు. న్యూజిలాండ్‌లో కరువొస్తే విల్లో, పాప్లర్ కొమ్మలు కొట్టి గొర్రెలకు వేస్తారు, యూరప్‌లో చలికాలం కోసం చెట్ల ఆకు ఎండబెట్టి దాచుకోవడం వేల ఏళ్ల నాటి అలవాటు అని చెప్పబోతే వినేవాడేడీ? చివరికి లోపలి నుంచి ఒక మేడమ్ వచ్చి ఫారం కింద పెన్నుతో 'ఇతరములు' అని రాసి సంతకం పెట్టారు. ఆ ఒక్క ముక్కకి ఇంత రాద్ధాంతం! కుర్చీలో కూర్చోగానే కొందరికి ఎదుటివాడు మనిషిలా కనపడడు.

అంతా అయ్యాక ప్రొటీన్ ఒక్కటే చూసి పంపారు, మళ్లీ కట్టించుకుని గానీ లోహాలు చూడలేదు. మీరు వెళ్తే కాడ్మియం, జింక్ పేర్లు రసీదు మీద రాయించుకోండి. ఆకుని కాగితం కవర్లోనే తీసుకెళ్లండి, ప్లాస్టిక్‌లో చెమర్చి బూజు పడుతుంది.

లోహాలు పరిమితిలోపే ఉన్నాయి. అలాగని విల్లో ఒక్కటే మేపను. ఇందులోని టానిన్లు, అంటే వగరు పదార్థాలు, మితంగా ఉంటే మేతలోని ప్రొటీన్ మొదటి పొట్టలోనే విరిగిపోకుండా కాపాడతాయి, కడుపులోని నట్టపురుగుల్నీ కొంత అదుపు చేస్తాయి, ఎక్కువైతే మేత అరగదు. నట్టల మందు మానేయమని సలహా ఇచ్చే మేధావుల మాట మాత్రం వినకండి. కోత రేపే. ఎండలో వేస్తే ఆకంతా పెళుసై రాలిపోతుంది కాబట్టి కట్టలు కట్టి గాలి తగిలే నీడలో ఆరబెడతాను.