బావ ఇచ్చిన విల్లు: మార్చాలా, ఉంచాలా?

మా బల్లార్షాలో దసరాకి రెండు రకాల బంగారం చేతులు మారుతుంది. తెలుగు ఇళ్లలో జమ్మి ఆకు, పక్కింటి మరాఠీ వాళ్లు తెచ్చేది ఆప్టా ఆకు. రెండేళ్ల కిందటి దసరా పొద్దున ఆయుధపూజలో బాపు పాత పానాలు, నా బండి పక్కన అమ్మ నా కాంపౌండ్ విల్లును, అంటే చివర్లలో కప్పీలుండే ఈ కాలపు విల్లును, కూడా నిలబెట్టింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. అంతవరకు బాగానే ఉంది. భోజనాలయ్యాక చిన్నక్క కొడుకు, ఇంజనీరింగ్ రెండో ఏడు, దాన్ని ఎత్తి, బాణం పెట్టకుండా చివరిదాకా లాగి వదిలేశాడు.

ఆ చప్పుడుకి వంటింట్లో వాళ్లంతా బయటికొచ్చారు. బాణం ఉంటే లాగిన బలాన్ని బాణం మోసుకుపోతుంది. లేకపోతే ఆ బలమంతా వెనక్కి తిరిగి లింబుల (వంగే రెండు కొమ్మల) మీద, క్యాముల (చివరి కప్పీల) మీద, తాళ్ల మీద పడుతుంది. డ్రై ఫైర్ అంటారు దీన్ని. ఒక్కసారికే విల్లు విరిగిపోవచ్చు. మాది విరగలేదు. కానీ "ఇక దీన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలా?" అన్న ప్రశ్న ఆ సాయంత్రం ఇంట్లో బహిరంగంగా మొదలైంది. నా మనసులో మాత్రం ఏడాదిగా తిరుగుతూనే ఉంది.

ఈ విల్లు పెద్ద బావది. డాలస్‌లో ఉంటాడు. 2008లో జింకల వేట కోసం కొన్నాడట. భుజం నొప్పి మొదలయ్యాక వేట మానేసి, ఇండియాకి వచ్చినప్పుడు నాకిచ్చాడు. పెట్టెలో విల్లుతో పాటు బ్లేడులాంటి మూడు అంచుల వేట ములుకులు కూడా ఉన్నాయి. చంద్రపూర్ జిల్లాలో ఉండి అలాంటివి చేతబట్టుకుని తిరగడం ఎంత తెలివితక్కువ పనో వేరే చెప్పాలా? టాడోబా పులుల అడవి పక్కనే. 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధం అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే విల్లు, బాణాలు ఉన్నాయి. ములుకుల్ని ఆ ట్రిప్పులోనే బావ సూట్‌కేసులో తిరిగి పెట్టేశాను. నాది గ్రౌండులో అట్ట మీదికి కొట్టే ఆట మాత్రమే.

ముందు లింబులు చూడాలి. కుంకుమ తుడుస్తుంటే పై లింబు మీద ఒక్క చోట పోలేదు. నల్లటి లింబు మీద వెంట్రుకంత ఎర్రగీత, అంగుళం పొడవు. గుండె జారింది. పగుళ్లలోకి కుంకుమ దిగితే అచ్చం అలాగే కనిపిస్తుంది మరి. దూది ఉండ తీసుకుని లింబు అంచుల వెంట మెల్లగా నడిపించాను. ఫైబర్ ఎక్కడైనా లేచి ఉంటే దూది పోగు తగులుకుంటుంది. ఎక్కడా తగులుకోలేదు. అయినా ఆ గీత మీద నమ్మకం కుదరలేదు. ఆ తర్వాత నెల రోజులు విల్లు ముట్టుకోలేదు.

తాళ్ల సంగతి అడక్కండి. స్ట్రింగూ కేబుళ్లూ నూలులా రేగిపోయి ఉన్నాయి, క్యాము దగ్గర చుట్టిన దారం విడిపోయి లోపలి పోగులు కనిపిస్తున్నాయి. పీప్, అంటే తాడులో బిగించిన చిన్న రంధ్రం, లాగినప్పుడల్లా ఒక్కో వైపు తిరిగేది. రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిన తాళ్లు. బావ చివరిసారి ఎప్పుడు మార్చాడని ఫోన్లో అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనమే జవాబు.

"పాతది ఎందుకు బామ్మర్దీ, కొత్త హంటింగ్ మోడల్ చూడు. నీది సెకనుకి మూడు వందల అడుగులు, ఇప్పటివి మూడు వందల నలభై" అన్నాడు బావ. ఆ నలభై నన్ను వారం పాటు నిద్రపోనివ్వలేదు. తర్వాత తెలిసింది, ఆ అంకెలు 70 పౌండ్ల బలం, 30 అంగుళాల డ్రా లెంత్ (తాడుని వెనక్కి లాగే కొలత), 350 గ్రెయిన్ల బరువు బాణం లెక్కన కట్టినవి. నేను వేయాల్సింది 60 పౌండ్లే. పోటీల్లో కాంపౌండ్‌కి అంతకు మించి ఒప్పుకోరు. నా చేతులు కూడా అంత పొడుగు కావు.

అసలు వేగం ఎవరికి కావాలి? అడవిలో జింక ముప్పై గజాల్లో ఉందో నలభై గజాల్లో ఉందో చూపుతోనే అంచనా కట్టాలి. బాణం ఎంత వేగంగా, ఎంత నేరుగా పోతే అంచనాలో తప్పు అంతగా మాఫీ అవుతుంది. మా గ్రౌండులో దూరం టేపు పట్టి కొలిచిన 50 మీటర్లు. అట్ట కదలదు. 80 సెంటీమీటర్ల అట్టలో పది పాయింట్ల గుండ్రం 8 సెంటీమీటర్లు. సైటు ఒకసారి సరిగ్గా పెట్టుకుంటే నెమ్మది బాణమైనా రోజూ అక్కడికే పోతుంది. అంటే బావ చెప్పినట్టు కొత్త వేట విల్లు కొంటే, నాకు అక్కర్లేని దానికి డబ్బు పోసినట్టు. మార్చితే పొడవాటి టార్గెట్ విల్లుకే మారాలి. ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు నెల పట్టింది.

తాళ్లు మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. వెదురు విల్లు నారి విప్పినట్టు కాంపౌండ్‌ని విప్పలేం. ప్రెస్‌లో పెట్టి లింబులు వంచితేనే తాడు వదులవుతుంది. మా వీధి చివరి మెకానిక్ అన్న "రెండు జాకీలు పెడితే అయిదు నిమిషాల పని" అన్నాడు. ఇంజన్ల విషయంలో ఆయన మీద నాకున్న గౌరవం అలాగే ఉంది, విల్లు మాత్రం ఇవ్వలేదు.

నాగపూర్ వెళ్లాను, పొద్దున రైలు. ఆ దారంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ స్వర్ణం కొట్టిన ఇద్దరిలో జ్యోతి సురేఖ విజయవాడ అమ్మాయి, ఓజస్ దేవ్‌తలే నాగపూర్ అబ్బాయి. రెండు ఊళ్లనూ కలిపే రైలు పట్టా మీదే మా బల్లార్షా. మా ఊరి గాలికి అందులో భాగం లేదని నాకూ తెలుసు. అయినా రైలెక్కినప్పుడల్లా గుర్తొస్తుంది.

అక్కడ విల్లులు బాగుచేసే దాదా ముందు లింబు చూశాడు. భూతద్దం పెట్టి, ప్రెస్‌లో కొంచెం వంచి, మళ్లీ చూశాడు. గీత పైపూతలోనే ఉంది, లోపలికి దిగలేదు. క్యాములు వంకర పోలేదు, యాక్సిళ్లు నిటారుగానే ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత "ఒకసారి లాగి చూపించు" అన్నాడు. లాగాను. నవ్వాడు.

తాడు నా దవడ దాటి చెవి వెనక్కి పోతోంది. నడుము వెనక్కి వాలుతోంది. నా ఎడమ ముంజేతి మీది నీలం మచ్చల వైపు వేలు చూపించి, ఇవెప్పటి నుంచి అనడిగాడు. మూడేళ్లుగా, అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాననుకుంటా. అవి సాధన గుర్తులని నమ్మేవాణ్ణి. డ్రా లెంత్ మనకి ఎక్కువైతే తాడు చేతికి కొడుతుందట! చేతులు చాపమని టేపు పెట్టాడు: 175 సెంటీమీటర్లు, అంటే దాదాపు 69 అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే ఇరవై ఏడున్నర చిల్లర. విల్లు మాత్రం బావ ఎత్తుకి తగ్గట్టు 29 మీదే ఉంది. ఆరడుగుల మనిషి చొక్కా వేసుకుని, మూడేళ్లుగా నా కుట్టు సరిగా లేదని బాధపడ్డానన్నమాట.

క్యాము మీద చిన్న మాడ్యూల్ ఉంటుంది. రెండు స్క్రూలు తీసి, తిప్పి, 27.5 గుర్తు దగ్గర బిగించాడు. దానికి డబ్బు కూడా తీసుకోలేదు. కొత్త స్ట్రింగు, కేబుళ్లు కొలత ఇచ్చి చేయించాలి కాబట్టి మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. బిగింపుతో కలిపి తొమ్మిది వేల చిల్లర. లింబు బోల్టులు రెండూ సమానంగా వదులు చేసి 60 పౌండ్లకి దించాడు. లాగాక ఎనభై శాతం తేలికవుతుంది కాబట్టి గురి చూస్తూ పట్టి నిలబెట్టేది పన్నెండు పౌండ్లే.

బాణాలు మాత్రం మార్చక తప్పలేదు. బావవి 340 స్పైన్. 28 అంగుళాల ఎడంలో ఆనించి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే 0.340 అంగుళం వంగే రకం. ఆయన 70 పౌండ్లకి అవి సరి, నా 60కి మరీ బిర్రు. కాగితం చట్రంలోంచి కొడితే చిరుగు పక్కకి పోయేది. 400 స్పైన్‌వి డజను తీసుకున్నాను, చిరుగు చిన్న చుక్కయింది.

కొత్త విల్లు ఆశ అప్పటికీ చావలేదు. చంద్రపూర్‌లో ఒక మిత్రుడికి 38 అంగుళాల పొడవున్న టార్గెట్ విల్లు ఉంది, రెండు లక్షల పైమాటే. అతనిదీ నా ఎత్తే కాబట్టి డ్రా లెంత్ కూడా నాకు సరిపోయింది. రెండు ఆదివారాలు అడిగి తెచ్చుకుని ఆట లెక్కన 72 బాణాల చొప్పున వేశాను. 720కి 640, 637. నా పాత విల్లు దసరాకి ముందు 590ల్లో ఉండేది. మార్పులయ్యాక నెల సాధనతో 634.

మిత్రుడి విల్లు హాయిగా ఉందని ఒప్పుకోవాలి. పొడవు వల్ల తాడు ముక్కు దగ్గర అంత పదునుగా మడత పడదు, తల తిప్పక్కర్లేదు, గాలికి నిలకడగా ఉంటుంది. నేను 670 దాకా చేరితే ఆ నిలకడ విలువ తెలుస్తుందేమో. ఇప్పుడు నా చేయే ఊగుతోంది. ఆరు పాయింట్లకి రెండు లక్షలు పెట్టేంత జీతం నాది కాదు. బావకి ఫోన్ చేసి ఉంచుకుంటున్నానని చెప్పాను. ఆయన గొంతులో సంతోషం వినిపించింది. కొత్తది కొనమని అంతగా చెప్పిన మనిషే!

ఇప్పుడు రెండు వారాలకోసారి తాడుకి మైనం రాస్తున్నాను, నెలకోసారి దూది ఉండ నడిపిస్తున్నాను. ముంజేతి మచ్చలు పోయాయి. పోయిన దసరాకి కూడా అమ్మ విల్లు తెమ్మంది. పెట్టెకి తాళం వేసి తెచ్చి, కుంకుమ బొట్టు పెట్టె మీదే పెట్టించాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. మేనల్లుడు మధ్యాహ్నమంతా నా జేబు వైపే చూశాడు.