నైరోబీ ప్రయాణం, ఎల్లో ఫీవర్ కార్డు

మా తమ్ముడు కెన్యా రాజధాని నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లలకు సెలవులు ఇవ్వగానే తిరుపతి నుంచి నేనూ, మా ఆయనా, పిల్లలూ, అత్తమ్మా అందరం అక్కడికి వెళ్లొచ్చాం. మసాయి మారాలో సింహాలను చూశాం, ఆ ఫోటోలు తెలిసినవాళ్లందరికీ చూపించేశాను కూడా. కానీ మేమూ వెళ్తాం అనేవాళ్లు నన్ను అడిగేది వీసా ఎట్లా, ఖర్చెంత అనే. ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ గురించి ఒక్కరూ అడగట్లేదు, అందుకే ఇది రాస్తున్నా.

వీసా సంగతి తొందరగా చెప్పేస్తాను. 2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి ఈటీఏ అని, బయల్దేరే ముందే తీసుకునే ప్రయాణ అనుమతి పెట్టింది. అంతా ఆన్‌లైన్‌లోనే. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువుండాలి, ఫోటో, రానుపోను టికెట్లు, ఉండే చోటు వివరాలు పెట్టాలి, మనిషికి 30 డాలర్లు, కార్డు చార్జీలు అదనం. చంటిపిల్లలకైనా విడిగా అప్లై చేయాల్సిందే. అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, రెట్టింపు గుంజుతాయి, కాబట్టి అడ్రసు ఒకటికి రెండుసార్లు చూసుకుని డబ్బు కట్టండి.

ఇంక ఎల్లో ఫీవర్. ఇది దోమల వల్ల వచ్చే వైరస్ జ్వరం. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను కెన్యా దీని టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్, అంటే ఈ కార్డు, అడగదు. అడిగేది మన దేశం, మనం తిరిగొచ్చేటప్పుడు. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఇక్కడి ఎయిర్‌పోర్టు హెల్త్ వాళ్లకుంది. ఇంత పట్టింపు ఎందుకని మొదట నాకూ అనిపించింది. తెలుసుకున్నాక మాత్రం ఈ రూలు ఇంకా గట్టిగా ఉండాలనే అంటాను. ఎల్లో ఫీవర్‌ను మోసే ఏడిస్ ఈజిప్టై దోమ, మన తిరుపతిలో వానలు పడ్డాక డెంగీ అంటించే దోమ ఒకటే. దోమ మన ఇంటి పూలకుండీల కిందే ఉంది, లేనిది వైరస్ ఒక్కటే. వైరస్ ఒంట్లోకి చేరాక జ్వరం బయటపడటానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది, ఆ ఆరు రోజుల లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే.

ఈ టీకా ఏ ఆస్పత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు. మాకు దగ్గర చెన్నై, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. 1899లో పెట్టిన సంస్థ అది, ఒకప్పుడు మశూచి టీకా మందు అక్కడ తయారయ్యేది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, పుత్తూరు, ఊత్తుకోట మీదుగా బస్సులో తెల్లారుజామునే బయల్దేరాం. పాస్‌పోర్ట్ ఒరిజినల్ తప్పకుండా ఉండాలి, నంబరు చూసి కార్డులో రాస్తారు. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా మందు పొడిగా ఉంటుంది, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి, మిగిలింది పారబోయాల్సిందే. అందుకే కొంతమంది పోగయ్యేదాకా ఆగమన్నారు, ఎవరూ విసుక్కోలేదు.

అత్తమ్మతోనే నాకు టెన్షన్. అరవై దాటినవాళ్లకు మొదటిసారి ఈ టీకా వేస్తే, చాలా అరుదుగానే అయినా, ప్రమాదం కొంచెం ఎక్కువ. డాక్టరు ఆమెను కూర్చోబెట్టి బీపీ, షుగరు, వాడుతున్న మాత్రలు అన్నీ అడిగాడు, తిరుపతిలో చూపించుకునే డాక్టరు దగ్గర మేం రాయించుకొచ్చిన ఉత్తరం చదివాడు. "కోడిగుడ్డు పడుతుందా అమ్మా?" అన్నాడు. "గుడ్డు మేం ముట్టం నాయనా" అనింది అత్తమ్మ. ఈ టీకా మందును కోడిగుడ్ల పిండాల్లో పెంచుతారు, గుడ్డు పడనివాళ్లకు రియాక్షన్ రావచ్చు, అందుకే అడుగుతున్నానని ఓపిగ్గా చెప్పి, ఇదివరకు ఏ సూదికైనా, తిండికైనా దద్దుర్లు, వాపు వచ్చాయా అని మళ్లీ అడిగాడు. ఏమీ లేవని తేలాకే వేశారు. బయటికొచ్చాక అత్తమ్మ "రాత్రికి జరమొస్తే ఎట్ల మా?" అని నా చెయ్యి పట్టుకునింది. రాలేదు, నాకే కాస్త ఒళ్లునొప్పులు వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే సొంత డాక్టరును అడక్కుండా మాత్రం తీసుకెళ్లొద్దండీ.

సామాను సర్దుకునేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో పాలిథీన్ సంచులు నిషేధం, జరిమానాలు చాలా పెద్దవి. తిరుమల కొండ మీద అలవాటైనవాళ్లమే కదా, అలిపిరి చెకింగ్‌కు సర్దుకున్నట్టే సర్దుకున్నాం. పొడులు స్టీలు డబ్బాల్లో, బట్టలు గుడ్డ సంచుల్లో. తమ్ముడి పెరట్లో వేద్దామని అత్తమ్మ దాచిన చిక్కుడు విత్తనాలు మాత్రం ఇంట్లోనే పెట్టించాను. విత్తనాలు, మొక్కలు తీసుకెళ్లాలంటే అక్కడి ప్లాంట్ హెల్త్ శాఖ పర్మిట్ కావాలి, ఇక్కడి సర్టిఫికెట్ కూడా కావాలి. బంగారు గాజులు వేసుకుని వెళ్లేవాళ్లు బయల్దేరేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు ఇవి అక్కడ కొన్నవా అనే ప్రశ్న ఉండదు. మన రూపాయలు మనిషికి 25,000 మించి తీసుకెళ్లకూడదు.

తిరిగి ముంబైలో దిగాం. ఇమిగ్రేషన్‌కు ముందే హెల్త్ డెస్క్ ఉంది, అందరి కార్డులూ తెరిచి తేదీ, సంతకం, ముద్ర చూశారు. మా ముందున్న అబ్బాయి కార్డు చూసి పక్కన కూర్చోమన్నారు. టీకా వేయించుకోలేదని కాదు, వేయించుకున్నాక పది రోజులు దాటలేదని. ఏదో ఆఫీసు పని మీద హడావిడిగా వెళ్లి వచ్చేస్తున్నాడట, పాపం వాళ్లమ్మకు ఫోన్ చేసి తెలుగులోనే చెప్తున్నాడు. మేం బయటికొచ్చేటప్పటికీ అక్కడే ఉన్నాడు. టీకా పని చేయడానికి ఆ పది రోజులు కావాలి, కార్డు కూడా పదో రోజు నుంచే చెల్లుతుంది. అందుకే టికెట్లు తీసుకున్న వారంలోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, ఆఖరి వారానికి వదలొద్దు.

ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలనే నిబంధనను 2016 జూలైలో తీసేశారు, పాత కార్డులకూ అదే వర్తిస్తుంది. ఉగాండాకు వెళ్లేవాళ్లకైతే ఇంకో మాట, ఆ దేశం లోపలికి అడుగుపెట్టేటప్పుడే ఈ కార్డు అడుగుతుంది.